నీళ్లు పట్టని మరచెంబు: త్రిపరిమాణ బొమ్మల విద్యలో తొలి పాఠములు

మా పుట్టింట నొక యిత్తడి మరచెంబు ఉండెడిది. దూరప్రయాణము చేయువారు దానినిండ నీరు పోసికొని, మూతను మూడు చుట్లు త్రిప్పి బిగించి, రైలుపెట్టెలో కాళ్లకడ పెట్టుకొని పోయెడివారు. బండి యెంత కుదిపినను చుక్క నీరు చిందెడిది కాదు. నేను కళాశాలలో చేరిన 1986వ సంవత్సరమున రుసుము కట్టుటకు సొమ్ము చాలక, మా యమ్మ రెండు బిందెలతో పాటు ఆ మరచెంబును గూడ పాత్రల వర్తకునకు అమ్మివేసెను. ఆ మాట ఆమె పిమ్మట నెన్నడును ఎత్తలేదు. నేనును ఎత్తలేదు. ఆ దినములలో మా యింట మనుష్యులకే ఛాయాచిత్రములు అరుదు. చెంబునకు ఎవరు తీయించెదరు? కావున దాని రూపము మా యిరువురి జ్ఞాపకములందు తప్ప మఱెక్కడను మిగులలేదు. మా యమ్మ కిప్పుడు 82 ఏండ్లు.

రెండేండ్ల క్రిందట మా యమ్మాయి తన చదువునకై ఇంటి కంప్యూటరులో బ్లెండర్ అను సాఫ్టువేరును చేర్చుకొనెను. ఒక సాయంకాలము ఆమె తెరపై కుర్చీ నొకదానిని నిర్మించుచుండగా ప్రక్కన కూర్చుండి చూచితిని. ఆమె చేయి కదల్చిన కొలది ఆ కుర్చీ గుండ్రముగ తిరిగి, వెనుక కోళ్లును, అడుగు పట్టెలును గూడ కనబడుచుండెను. అది పటమువలె ఒక ప్రక్కను మాత్రమే చూపునది కాదు. చేత బట్టి త్రిప్పి చూచుకొను వస్తువువలె నుండెను. నాకు మరచెంబు మనసున మెదలినది. ఆ సంగతి చెప్పి, "ఇప్పుడు లేని వస్తువును గూడ ఇట్లు చేయవచ్చునా?" అని యడిగితిని.

"ఆకారము జ్ఞాపకమున్నచో చేయవచ్చును. కాని నేను దానిని చూడలేదు గదమ్మా! చూచినదానవు నీవే, చేయవలసినదానవును నీవే" అని యామె లేచి నాకు తన చోటిచ్చెను.

ఏబదియేండ్లు దాటిన నాకు ఆ విధముగ ఈ విద్యలో అక్షరాభ్యాసమైనది. నేను నేర్చినది కొంచెమే. ఐనను ఆ కొంచెమును నేర్చుకొనుటలో ఎక్కడెక్కడ కాలుజారినదియు, ఏది ముందు నేర్వవలసినదియు తెలిసికొంటిని. కొత్తగా మొదలిడు సోదరీమణులకు అది యుపయోగపడు నను తలంపుతో నీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఈ విద్య యెట్టిది?

చుక్కల ముగ్గు వేయునపుడు మనము ముందుగా చుక్కలు పెట్టి, పిదప వానిని గీతలతో కలుపుదుము. ఆ చుక్కలకు పొడవు, వెడల్పు అను రెండు కొలతలే కలవు. చుక్క నేలను విడిచి పైకి లేవదు. ఈ విద్యలో చుక్క గాలిలో గూడ నిలుచును. పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలలో దాని స్థానమును కంప్యూటరు సంఖ్యలుగ వ్రాసి పెట్టుకొనును. రెండు చుక్కలను కలిపిన అంచు ఏర్పడును. మూడు గాని నాలుగు గాని అంచులు చుట్టివచ్చిన పలక ఏర్పడును. పలకలు అనేకములు చేరిన వస్తువగును. సినిమాలలోని మహాసౌధములును, మృగములును, యుద్ధరథములును గూడ ఈ చుక్కలు, అంచులు, పలకలతో ఏర్పడినవే.

ఈ విద్య పుట్టిన తొలిదినములలోని యొక యుదంతము మన వంటింటికి దగ్గఱది. 1975వ సంవత్సరమున అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున మార్టిన్ న్యూయెల్ అను పరిశోధకుడు, కంప్యూటరుపై వంపులు గల వస్తువులను చూపు పద్ధతులను పరీక్షించుటకు తగిన వస్తువునకై వెదకుచుండెను. తేనీరు త్రాగుచుండగా అతని భార్య సాండ్రా, తమ యింటి తేనీటి పాత్రలనే తీసికొమ్మని సూచించినది. అతడు తేనీటి కూజాను ఎదుట బెట్టుకొని గళ్లకాగితముపై గీసి, ఆ వంపుల బిందువులను కంప్యూటరున కెక్కించెను. గుండ్రని పొట్ట, వంగిన కొమ్ము, రంధ్రము గల పిడి, తనపై తానే నీడ వేసికొను రూపము, ఇవన్నియు ఒకచోట నుండుటచే ఆ కూజా లోకమంతట పరిశోధకులకు పరీక్షావస్తువైనది. అసలు కూజా యిప్పుడు కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున, కంప్యూటరుల చరిత్రకు సంబంధించిన మ్యూజియమున భద్రముగ నున్నది. ఇల్లాలు చూపిన పాత్ర యొకటి శాస్త్రమున కింత యుపకరించినప్పుడు, మన మరచెంబు మాత్ర మేమి తక్కువ?

రుసుము లేని సాధనము

ఈ పనికి సాఫ్టువేరులు పెక్కు కలవు. మాయా, త్రీడీయస్ మాక్స్ మున్నగునవి చలనచిత్రములు నిర్మించువారిలో ప్రసిద్ధములు. వానిని వృత్తిగా వాడువారు రుసుము చెల్లింపవలెను. బ్లెండరునకు రుసుము లేదు. దీనిని మొదట నిర్మించినవాడు నెదర్లాండ్సు దేశీయుడగు టోన్ రోజెన్‌డాల్. 1994లో తన చిత్రశాల యవసరములకై దీనిని ఆరంభించెను. పిమ్మట దీనిపై నేర్పడిన వ్యాపారసంస్థ 2002లో మూతపడెను. అప్పుడు దీనిని వాడువారు ఊరకుండలేదు. లక్ష యూరోలు చెల్లించినచో సాఫ్టువేరును అందఱకు విడిచిపెట్టుటకు దాని హక్కుదారులు సమ్మతింపగా, చందాలు వేసికొని యేడు వారములలో ఆ మొత్తమును కూడబెట్టిరి. 2002 అక్టోబరు 13వ తేదీ నుండి బ్లెండరు ఎవరైనను ఉచితముగ తీసికొని, వాడుకొని, మార్చుకొనదగిన సొత్తైనది.

ఉచితమైనది గదా యని తక్కువగ చూడరాదు. లాట్వియా దేశపు గింట్స్ జిల్బలోదిస్ దీనితోనే 'ఫ్లో' అను చిత్రమును నిర్మించెను. అందు ప్రధానపాత్ర యొక పిల్లి. చిత్రమంతట ఒక్క మాటయు లేదు. 2024లో వెలువడిన ఆ చిత్రము 2025లో ఉత్తమ ఆనిమేషను చిత్రముగ ఆస్కారు బహుమానము నందెను.

మొదటి దినము

బ్లెండరును తెఱవగనే తెర నడుమ బూడిదరంగు ఘనమొకటి కనబడును. దానికి 8 బిందువులు, 12 అంచులు, 6 పలకలు. దాని ప్రక్క నొక దీపము, ఒక కెమేరా యుండును. వీనిచుట్టును మీటలు, పట్టికలు, అంకెలు, చిన్న చిన్న గుఱుతులు వందలకొలది. నా గుండె ఝల్లుమన్నది. ఇన్నిటిని ఎన్నటికి నేర్తును అని లేచిపోబోతిని. మా యమ్మాయి నవ్వి, "వంటింట నూరు డబ్బాలున్నవి. చారు పెట్టుటకు అన్నిటి మూతలు తీయుదువా?" అని యడిగినది. ఆ ఒక్క మాట నాకు ధైర్యమిచ్చెను. మీరును ఈ మాట మఱవకుడు.

మొదటి దినమున చేయవలసినది ఆ ఘనము చుట్టు తిరిగి చూచుట మాత్రమే. మూడు మీటలు గల మౌసు తప్పక కావలెను. నడిమి మీటను, అనగా చక్రమును, నొక్కిపట్టి జరిపిన చూపు తిరుగును. చక్రమును దొర్లించిన దగ్గఱకును దూరమునకును పోవును. షిఫ్టు మీటతో పాటు చక్రమును నొక్కి జరిపిన చూపు ప్రక్కలకు సాగును. నేలపై నున్న ఎఱ్ఱగీత ఎక్స్ దిక్కు, పచ్చగీత వై దిక్కు. పైకి పోవు జడ్ దిక్కునకు నీలము గుఱుతు. వీథిలో తూర్పు పడమరలు తెలియనివాడు ఇల్లు కట్టలేనట్లు, ఈ మూడు దిక్కులు మనసున నాటనిదే ఏ వస్తువును కట్టలేము.

రెండవ దినమున మూడక్షరములు నేర్వుడు. 'జి' నొక్కిన వస్తువు జరుగును. 'ఆర్' నొక్కిన తిరుగును. 'ఎస్' నొక్కిన పెరుగును, తరుగును. ఈ యక్షరము వెంట దిక్కు పేరును గూడ నొక్కిన ఆ పని యా దిక్కుననే జరుగును. 'జి' పిదప 'జడ్' నొక్కిన వస్తువు నిట్టనిలువుగ లేచును. తప్పు జరిగినచో 'కంట్రోలు' పట్టుకొని 'జడ్' నొక్కిన వెనుకటి స్థితి వచ్చును. ఒక హెచ్చరిక: మౌసు బాణము బొమ్మ యున్న భాగముపైన నున్నప్పుడే ఈ యక్షరములు బొమ్మపై పనిచేయును. ఇది తెలియక నేను బాణమును ప్రక్క పట్టికపై నుంచి, ఎన్నిమార్లు నొక్కినను ఘనము కదలదేమా యని యొక సాయంకాలము వృథా చేసికొంటిని.

గారె, పిదప చెంబు

ఈ విద్యను ఇంటర్నెట్టున నేర్పుచు పేరొందిన ఆస్ట్రేలియావాసి ఆండ్రూ ప్రైస్, కొత్తవారిచేత మొదట డోనట్ అను తీపి తినుబండారమును చేయించును. లోకమున బ్లెండరు నేర్చినవారిలో ఎందఱికో అదియే తొలి బొమ్మ. నడుమ చిల్లి గల గుండ్రని యాకారము. నాకు చూడగనే మన గారె తట్టినది. 'షిఫ్టు', 'ఎ' మీటలు కలిపి నొక్కిన వచ్చు పట్టికలో 'టోరస్' అను పేర ఆ యాకారము సిద్ధముగ నున్నది. నేను డోనట్టునకు బదులు గారె చేసితిని.

సిద్ధముగ వచ్చిన యాకారము అచ్చులో పోసినట్లు నున్నగ నుండును. చేత తట్టిన గారె అట్లుండదు. 'టాబ్' మీట నొక్కిన వస్తువు లోపలి బిందువులు కనబడును. 'ఓ' అక్షరము నొక్కి, ఒక బిందువును పట్టి జరిపిన, చుట్టుపట్ల బిందువులును దూరమును బట్టి కొంచెము కొంచెముగ దాని వెంట వచ్చును. పిండిపై వ్రేలు నొక్కిన చుట్టుప్రక్కల పిండి కదలినట్లుగనే. అచ్చటచ్చట నొక్కి, అచ్చటచ్చట లాగి, గారెను గారెగ చేయునప్పటికి నాకు బిందువు, అంచు, పలక అనునవి చేతికి వచ్చినవి.

ఇక చెంబు. దీని రహస్యము కుమ్మరి సారెలో నున్నది. సారె తిరుగుచుండగా కుమ్మరి చేయి యొక ప్రక్కనే యుండును. ఆ చేయి పట్టిన వంపే కుండ చుట్టును వచ్చును. బ్లెండరునందును అంతే. చెంబును నిలువున సగముగ కోసినట్లు ఊహించి, అడుగు నడిమి నుండి మొదలిడి, పొట్ట వంపు, మెడ నొక్కు, అంచు వఱకు సగము గీతను మాత్రము బిందువులతో గీయవలెను. పిదప 'స్క్రూ' అను మాడిఫయరును దానికి తగిలించిన, ఆ గీత నడిమి యిరుసు చుట్టు తిరిగి చెంబగును. మాడిఫయరనగా అసలు గీతను చెఱుపక, దానిపై చేయు పనిని వేఱుగ వ్రాసి యుంచు సాధనము. అందువలన గీతలో నొక బిందువును జరిపిన చెంబంతయు వెంటనే మాఱును. మొదట అది 16 మెట్లలో తిరిగినందున నా చెంబు పలకలు తేలి యుండెను. 64 చేయగా గుండ్రమైనది. చెంబునకు మందము కలుగుటకు 'సాలిడిఫై' అను మఱొక మాడిఫయరు కలదు.

స్క్రూ అనగా మరయే గదా. ఆ మాడిఫయరుననే ఎత్తు నొకదానిని నిర్ణయించిన, గీత తిరుగుచు పైకి గూడ నెక్కును. మెడచుట్టు మర యేర్పడును. మరచెంబునకు మరయు, చెంబును ఒకే సాధనమున లభించునని తెలిసిన నాడు నేను పొంగిపోయితిని.

పొరపాటులు గూడ చెప్పవలెను. నా తొలి చెంబునకు అడుగున పెద్ద చిల్లి పడెను. గీత యొక్క మొదటి బిందువు నడిమి యిరుసును తాకకపోవుటయే కారణము. రెండవ చెంబు అచ్చటచ్చట వింతగ నల్లబడెను. ప్రతి పలకకును లోవైపు, వెలివైపు అను భేదము కలదు. అవి తాఱుమాఱైన వెలుగు సరిగ పడదు. బిందువులు కనబడుచుండగా అన్నిటిని ఎన్నుకొని, 'షిఫ్టు', 'ఎన్' మీటలు కలిపి నొక్కిన పలకలన్నియు వెలుపలికి తిరుగును.

ఇత్తడి వన్నె

ఆకారము కుదిరిన పిదప వన్నె. రంగుల పట్టికలో లోహత్వమునకు 'మెటాలిక్' అనియు, గరుకుదనమునకు 'రఫ్‌నెస్' అనియు రెండు కొలతలు కలవు. లోహత్వము 1 చేసి, పసుపుచాయ రంగు నిచ్చిన ఇత్తడి సిద్ధించును. గరుకుదనము 0 ఐన అద్దమువలె మెఱయును, 1 ఐన మసకబాఱును. చింతపండుతో అప్పుడే తోమిన చెంబునకును, పక్షము దినములు అటుకపై నున్న చెంబునకును గల భేదమంతయు ఈ రెండవ కొలతలో నున్నది. నేను 0.3 కడ నిలిపితిని.

ఐనను నా చెంబు బొగ్గువలె కనబడెను. కారణ మేమనిన, లోహమునకు తన వెలుగు లేదు. చుట్టు నున్నదానినే అది ప్రతిఫలింపజేయును. శూన్యమున నిలిపిన యిత్తడి శూన్యమునే చూపును. కావున చెంబు క్రింద నొక గచ్చును, వెనుక గోడను, ప్రక్క కిటికీవంటి వెడల్పైన దీపమును ఉంచితిని. అప్పుడది వెలిగినది. చివరకు 'ఎఫ్ 12' మీట నొక్కిన కెమేరా చూచునట్టి పటము తయారగును. దీనినే రెండరు చేయుట యందురు. ఇందుకు రెండు పద్ధతులు: 'ఈవీ' త్వరగ చూపును; 'సైకిల్స్' వెలుగు కిరణములు తగిలి మరలు దారులను లెక్కించును గావున ఆలస్యమైనను సహజముగ నుండును. నేర్చుకొను దినములలో ఈవీయే చాలును.

బొమ్మకు కదలిక

కదలిక విషయమున మన దేశమున కిది కొత్త విద్య కాదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో నేటికిని తోలుబొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ బొమ్మలకు భుజమునను, మోచేతి కడను తోలుముక్కలను విడివిడిగ కోసి, దారముతో ముడివేయుదురు. భుజమును కదల్చిన చేయి యంతయు వచ్చును. చేతిని కదల్చిన భుజము కదలదు. కంప్యూటరు బొమ్మల కమర్చు ఎముకల గూడును సరిగ ఈ న్యాయముననే పనిచేయును. జర్మనీదేశపు వనిత లొట్టే రైనిగర్ నల్లకాగితపు నీడబొమ్మలను కత్తిరించి, కొంచెము కొంచెముగ జరుపుచు ఒక్కొక్క పటమే తీసి, 1926లో యువరాజు అహ్మదు సాహసముల కథను నిండు చిత్రముగ వెలువరించెను. నేటికి మిగిలిన నిడుపాటి ఆనిమేషను చిత్రములలో అదియే పాతది. మూడేండ్ల శ్రమ యది.

కంప్యూటరు ఆ శ్రమలో పెద్దభాగమును తాను తీసికొనును. బ్లెండరు మామూలుగ ఒక సెకనునకు 24 పటములు చూపును. అన్నిటిని మనము అమర్చనక్కఱలేదు. మొదటి పటమున మూత యెక్కడ నున్నదో, 'ఐ' అక్షరము నొక్కి గుఱుతు పెట్టవలెను. 48వ పటమున ఎక్కడ నుండవలెనో జరిపి, మరల గుఱుతు పెట్టవలెను. నడిమి పటములను యంత్రమే పూరించి, రెండు సెకనుల కదలికను తయారుచేయును. ఈ గుఱుతులనే కీఫ్రేములందురు.

మా మరచెంబు మూత మూడు చుట్లు తిరుగవలెను. ఒక చుట్టునకు 360 డిగ్రీలు. మూడు చుట్లకు 1080. మొదటిసారి మూత తన చోట తిరుగక, చెంబు చుట్టు జోరీగవలె ప్రదక్షిణము చేసెను! వస్తువు తిరుగుటకు ఇరుసుగ నుండు మూలబిందువు మూత నడుమ లేకపోవుటయే తప్పు. దానిని సరిదిద్దిన పిదప మఱొక లోపము కనబడినది. మూత మూడు చుట్లును ఉన్నచోటనే తిరిగి, ఒక్కసారిగ పైకెగిరినది. చూచుటకు మాయవలె నున్నది గాని మరవలె లేదు. నిజమైన మూత తిరుగుచునే కొంచెము కొంచెముగ లేచును. మర ముగిసినపుడు మాత్రమే చేతిలోనికి వచ్చును. కావున తిరుగుటతో పాటు లేచుటకును గుఱుతులు పెట్టితిని. వంటింటికి పోయి నిల్వసీసా మూత నొకదానిని పదిమార్లు తీసి చూచిన పిదపనే నా కిది బోధపడినది. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రమును మనలో అనేకులు చూచితిమి. ఆ యీగకు మాట లేదు; ఐనను దాని కోపమును దుఃఖమును మనము గ్రహించితిమి. ఈగ కదలునట్లుగనే అది కదలినది గావుననే మనము దానిని నమ్మితిమి. ఆనిమేషను నేర్చుట యనగా మొదట చూచుట నేర్చుటయే.

రెండు జాగ్రత్తలు. మొదటిది: 'కంట్రోలు', 'ఎస్' నొక్కి తఱచుగ భద్రపఱుచుకొనుడు. నేను రెండు గంటలు మెడ వంపును దిద్ది, భద్రపఱుపక మునుపే కరెంటు పోయి, కంట నీరు పెట్టుకొంటిని. బ్లెండరు తనంతట తానే కొన్ని నిమిషముల కొకసారి నకలు దాచుకొనునని అప్పుడు నాకు తెలియదు. 'ఫైల్' పట్టికలోని 'రికవర్' అను చోట దానిని వెదుకవచ్చును. రెండవది: కదలు బొమ్మను ఒకే వీడియోగ కాక, విడివిడి పటములుగ రెండరు చేసికొనుడు. 10 సెకనుల బొమ్మకు 240 పటములు. పటమునకు ఒక నిమిషము పట్టినను 4 గంటలు. నడుమ కరెంటు పోయినచో, అప్పటికి తయారైన పటములు నిలిచియే యుండును. తక్కినవానిని పిదప చేయించి, అన్నిటిని కలిపి వీడియోగ మార్చుకొనవచ్చును.

సొట్ట

నాలుగు నెలలకు చెంబు పూర్తియైనది. మా యమ్మను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి చూపితిని. ఆమె కంటియద్దములు సవరించుకొని చాలసేపు చూచెను. "మెడ యింత పొడుగు కాదు" అనెను. అక్కడనే బిందువులను క్రిందికి దించితిని. "ఇంకను కొంచెము. ఆఁ, అంతే. పొట్ట సరిపోయినది. కాని సొట్ట యేది?"

నాకు సొట్ట జ్ఞాపకము లేదు.

"ఎడమ ప్రక్కను, అడుగునకు జానెడు పైన. మీ తాతగారు రైలు దిగుచు జాఱవిడిచిరి. అమ్మిన నాడు వర్తకుడు ఆ సొట్ట చూపి రెండు రూపాయలు తగ్గించెను. నేను బేరమాడలేదు. నీ రుసుమునకు గడువు ఆ దినమే."

నలువది యేండ్ల తరువాత ఆమె ఆ యమ్మకపు మాట ఎత్తుట అదియే మొదటిసారి. నేను తలవంచుకొని పనిలో పడితిని.

సారె తిరిగి చేసిన చెంబునకు అన్ని ప్రక్కలు ఒక్కటే; సొట్ట యొక ప్రక్కనే యుండవలెను. ఇంతవఱకు వేఱుగ నుంచుకొన్న మాడిఫయరుల నన్నిటిని ఇప్పుడు 'అప్లై' చేసి, చెంబును నిజమైన పలకలుగ మార్చితిని. పిదప గారెకు వాడిన 'ఓ' అక్షరముతోనే యొక బిందువును పట్టి లోపలికి నొక్కితిని. చుట్టుపట్ల బిందువులు మెల్లగ లోనికి వంగినవి. మా యమ్మ తెరవైపు వ్రేలు చాచి, "అదే" అనెను.

తరువాత మూతను కదల్చి చూపితిని. మూడు చుట్లు తిరిగి, లేచి, గచ్చుపై ఒరిగినది. "నీళ్లు పట్టని చెంబున కింత శ్రమయా!" అని నవ్వెను. కొంతసేపు ఊరకుండి, "ఇంకొకమారు మూత త్రిప్పుము" అనెను. ఆ సాయంకాలము పదిమార్లు త్రిప్పితిమి.

సోదరీమణులారా! ఈ విద్య జీవనోపాధియగునా యని కొందఱడుగవచ్చును. బొమ్మల చిత్రములు, ఆటలు, గృహనిర్మాణపు నమూనాలు, ప్రకటనలు, వీనియందు ఈ పని తెలిసినవారికి స్థానము కలదు. కాని యందులకు సంవత్సరముల సాధన కావలెను. నేను మనవి చేయునది అంతకంటె చిన్నది. మీ యింట ఏ వస్తువు పోయినదో, ఏది పోవనున్నదో ఆలోచింపుడు: అమ్మమ్మ గారి కవ్వము, పడగొట్టిన పెంకుటింటి వీథి యరుగు, విఱిగిన కొయ్యబొమ్మ. దానిని ఎఱిగిన పెద్దలు ఉన్నప్పుడే అడిగి, కొలతలు వ్రాసికొనుడు. దినమున కొక అరగంట చాలును. సాఫ్టువేరు నంతయు నేర్చిన పిదప వస్తువును చేయుదమని కూర్చుండకుడు. ఆ యొక్క వస్తువునకు కావలసినది మాత్రమే నేర్చి, దానిని ముగింపుడు. ముగించి, ఎఱిగినవారికి చూపుడు. మీరు మఱచిన సొట్ట యెక్కడ నున్నదో వారు చెప్పుదురు.